గడప లోపల, చావడి ముందర

నేను విడపనకల్లు మండలానికి పత్రిక కంట్రిబ్యూటర్‌గా ఉన్న రోజుల్లో ఒక ఊళ్లో మిరప రైతు ప్రాణం తీసుకున్నాడు. ఎలా తీసుకున్నాడో ఇక్కడ రాయను. అప్పుడు మాత్రం పేపర్లో పూసగుచ్చినట్టు రాశాను.

నేను వెళ్లేసరికి ఇంటి ముందర చాప పరిచి ఉంది. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుల సంగతి అడిగితే లేచి లోపలికి పోయి, ట్రంకుపెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టిన పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం తెచ్చింది. "రెండూ తెరిచి పట్టుకోమ్మా" అన్నాను. పట్టుకుంది. పక్కన కూతురు వచ్చి నిలబడింది. ఫోటో తీశాను.

మరుసటి రోజు జిల్లా పేజీలో మూడు కాలాల వార్త. సర్వే నంబరు, ఖాతా నంబరు, ఆ పిల్ల ముఖం, అన్నీ కళ్లజోడు లేకుండా చదువుకోవచ్చు. వారం తిరగకముందే పరిహారం ఇప్పిస్తామంటూ దళారులు ఆ ఇంటికి వచ్చారు, ఖాతా నంబరు చెప్పి మరీ మాట్లాడారు. కూతురికి చూసిన సంబంధం వాళ్లు 'ఇంత అప్పున్న ఇల్లు మాకొద్దు' అని కబురు పెట్టారు. ఇవేవీ నాకు తెలియవు. ఏడాది దాటాక ఉరవకొండ బస్టాండులో ఆమె ఎదురుపడి చెప్పింది.

"మా అప్పు ఊరికి తెలిస్తే తెల్సింది లేన్నా. పిల్ల బొమ్మ యాల ఏస్తివన్నా?"

ఆమెకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఈ అధ్యాయం ఆ జవాబు కోసమే రాస్తున్నాను. ఇది విలేకరులకు మాత్రమే చెబుతున్న సంగతి అనుకోకండి. జేబులో ఫోను, ఊరి పేరుతో ఒక వాట్సాప్ గ్రూపు ఉన్న ప్రతివాళ్లూ ఈ రోజు వార్త అచ్చు వేస్తున్నవాళ్లే. మన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అని విడిగా ఒక అధికరణం లేదు. 19(1)(ఎ) పౌరులందరికీ ఇచ్చిన వాక్ స్వేచ్ఛలోనే పత్రిక హక్కు కూడా ఉందని 1950 నుంచి సుప్రీంకోర్టు చెబుతూ వచ్చింది. ఢిల్లీ ఎడిటరుకు ఎంత హక్కుందో పాల్తూరులో యూట్యూబ్ చానెల్ పెట్టుకున్న కుర్రాడికీ అంతే ఉంది. బాధ్యత కూడా అంతే.

ఆమె నాకు వేసిన ప్రశ్నలోనే ఒక గీత ఉంది, గమనించారా? అప్పు సంగతి వేరు, పిల్ల బొమ్మ వేరు అని ఆమె విడదీసింది. సరిగ్గా ఆ గీతనే సుప్రీంకోర్టు 1994 అక్టోబరు 7న గీసింది. గీసినాయన మన తెలుగువాడు, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి.

ఆ కేసు తమిళనాడుది. ఆరు హత్యల నేరం రుజువై మరణశిక్ష పడిన ఆటో శంకర్ చెంగల్పట్టు జైల్లో తన జీవితకథ రాసుకుని భార్యకు అందించాడు. తనతో చేతులు కలిపిన పెద్ద పోలీసు అధికారుల పేర్లు అందులో ఉన్నాయని నక్కీరన్ పత్రిక ప్రకటించింది. అచ్చు మొదలుపెట్టబోతుంటే జైళ్ల శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నుంచి ఉత్తరం వచ్చింది: ఇది అబద్ధం, వేశారో చర్య తప్పదు. పత్రిక సుప్రీంకోర్టుకు పోయింది. ఉరిశిక్ష పడిన హంతకుడికీ వ్యక్తిగత గోప్యత ఉంటుందా అన్నది ఒక ప్రశ్న. తమ గుట్టు బయటపడుతుందని అధికారులు ముందే అచ్చు ఆపించగలరా అన్నది రెండోది.

మొదటి ప్రశ్నకు జీవన్‌రెడ్డి గారు ఉంటుందన్నారు. మనిషి మానాన మనిషిని వదిలేయాలి, అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగం. కుటుంబం, పెళ్లి, సంతానం, మాతృత్వం, చదువు, ఇలాంటివాటి గురించి ఆ మనిషి అనుమతి లేకుండా ఎవరూ రాయకూడదు, అది నిజమైనా సరే, పొగిడినా సరే. అయితే కోర్టు రికార్డుల్లాంటి బహిరంగ పత్రాల్లోకి ఎక్కిన విషయం రాయవచ్చు. తానే వచ్చి వివాదంలో తల దూర్చినవాడి సంగతి కూడా వేరే. బహిరంగ పత్రాల్లో ఉన్నా రాయకూడనిది ఒకటుంది: లైంగిక దాడికో అపహరణకో గురైన ఆడపిల్ల పేరు.

రెండో ప్రశ్నకు జవాబు ఇంకా గట్టిగా వచ్చింది. ఉద్యోగి తన ఉద్యోగంలో చేసిన పనికి గోప్యత అంటూ లేదు. రాసింది అబద్ధమనీ, నిజమో కాదో పట్టించుకోకుండా రాశారనీ రుజువు చేస్తేనే ఆయనకు దావా. అదీ అచ్చయ్యాకే, ముందు కాదు. ప్రభుత్వానికీ, స్థానిక సంస్థకూ 'మా పరువు పోయింది' అని నష్టపరిహారం అడిగే హక్కే లేదు. ఈ చివరి మాటను మన పంచాయతీ ఆఫీసుల గోడల మీద రాయాలని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

దీన్ని నేను మన ఊరి మాటల్లో ఇలా పెట్టుకున్నాను. గడప లోపలిది ఇంటిది. చావడి ముందర జరిగింది ఊరిది. రైతు అప్పులపాలై చనిపోయాడన్నది చావడి సంగతి. పంట ఎందుకు పోయింది, బీమా ఎందుకు రాలేదు, బ్యాంకు ఎందుకు తిప్పింది, ఇవి అడగకపోతే పత్రిక ఎందుకు? 2004లో జీవో 421 వచ్చాక అలాంటి చావుల మీద ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకులతో త్రిసభ్య కమిటీ విచారణ జరగాలన్న పద్ధతి కూడా వచ్చింది. పేపర్లో పడితే కమిటీ తొందరగా కదులుతుందన్న ఆశతోనే ఆ తల్లి ట్రంకుపెట్టె తెరిచింది. ఆమె నాకు తన కష్టం రాయమని అనుమతి ఇచ్చింది. కూతురి ముఖం, ఖాతా నంబరు అచ్చు వేయమని ఇవ్వలేదు. నేను అడగలేదు కూడా.

ఇదే సంగతి లండన్‌లో 2004లో తేలింది. నవోమీ క్యాంప్‌బెల్ అనే మోడల్ తాను మత్తుమందులు వాడనని అందరికీ చెప్పుకుంది. ఆమె చికిత్స తీసుకుంటోందని ఒక పత్రిక రాసింది, చికిత్సకు వెళ్లివస్తున్న ఫోటో కూడా వేసింది. ఆమె చెప్పిన అబద్ధాన్ని దిద్దే హక్కు పత్రికకు ఉందని హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకుంది. చికిత్స వివరాలు, ఆ వాకిలి దగ్గరి ఫోటో మాత్రం ఆమె గుట్టే అని ముగ్గురు న్యాయమూర్తులు అన్నారు, ఇద్దరు కాదన్నారు. వార్త వేయవచ్చు, బొమ్మ వేయకూడదు. ఉరవకొండ బస్టాండులో ఆ తల్లి నాతో అన్న మాట కూడా ఇదే.

ఈ గోప్యత హక్కు మన దేశంలో నిలబడడంలో తెలుగు న్యాయమూర్తుల చెయ్యి చాలా ఉంది. మన పిల్లలకు ఇది చెప్పాలి. 1962లో ఖరక్ సింగ్ కేసులో, పోలీసులు అర్ధరాత్రి వచ్చి మనిషిని లేపి చూసిపోవడం అతడి స్వేచ్ఛను మింగేయడమే, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమే అని విడిగా తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు రాజమండ్రి మనిషి. అప్పుడు ఆయనది మైనారిటీ మాట. 1980లో మలక్ సింగ్ కేసులో, అనుమానితుల మీద పోలీసులు కన్నేసి ఉంచవచ్చు గానీ ఆ నిఘా మనిషి గౌరవాన్ని, ఇంటి గుట్టును తొక్కేలా ఉండకూడదన్న జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన గుత్తిలో పుట్టినవాడు. గుంతకల్లు దాటితే గుత్తి. హిస్టరీ షీట్లు, రౌడీ షీట్లు అన్న మాటలు బాగా ఎరిగిన ఈ సీమలోంచే ఆ తీర్పు రాసిన చెయ్యి వచ్చిందంటే నాకు గర్వంగా ఉంటుంది. 1983లో కడప కోర్టులో మొదలైన ఒక దాంపత్య కేసులో, భార్యను బలవంతంగా కాపురానికి పంపమనడం ఆమె గోప్యతను చెరచడమే అని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి రాశారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు మరో కేసులో ఆ వాదనను తోసిపుచ్చింది. ఇన్ని దెబ్బలు తిన్నాక 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఒక్క గొంతుతో గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. ఆ తొమ్మిదిమందిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్ కూడా ఉన్నారు. సుబ్బారావు గారి మైనారిటీ మాట యాభై ఐదేళ్లకు దేశం మాట అయింది.

ఇక పని సంగతికి వద్దాం.

పెద్ద పట్టణంలో పేరు తీసేస్తే మనిషి గుర్తు దాగుతుంది. మన మండలంలో దాగదు. గడేకల్లులోనో డోనేకల్లులోనో 'పదో తరగతి చదివే బాలిక, తండ్రి ఆటో నడుపుతాడు, ఫలానా కాలనీ' అని రాస్తే పేరు రాయకపోయినా ఊరంతా ఆ ఇంటి వైపే చూస్తుంది. ముఖం మసక చేసి వెనకాల గుడి గోపురం కనిపించేలా ఫోటో వేస్తే కూడా అంతే. 2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది: అత్యాచార బాధితురాలి పేరే కాదు, ఆమె ఎవరో దూరంగానైనా తెలిసిపోయే ఏ వివరమూ రాయకూడదు, ఆమె చనిపోయినా సరే. ఆ మరుసటి ఏడాదే హైదరాబాద్ శివారులో పశువైద్యురాలిపై జరిగిన ఘోరంలో ఆమె పేరు, ఫోటో దేశమంతా తిరిగాక, ఆమెను 'దిశ' అని పిలవండని పోలీసులు కోరాల్సి వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. భారతీయ న్యాయసంహిత 72వ సెక్షన్ కింద బాధితురాలు ఎవరో బయటపెట్టినవారికి రెండేళ్ల దాకా జైలు. పిల్లల విషయంలో పోక్సో 23, బాలల న్యాయ చట్టం 74 సెక్షన్లు ఉన్నాయి. ఈ 74 నేరం చేశాడన్న ఆరోపణ ఉన్న పిల్లవాడికి కూడా వర్తిస్తుందని చాలామందికి తెలియదు. దొంగతనం చేశాడని పదిహేనేళ్ల పిల్లవాడిని నిలబెట్టి వీడియో తీసి గ్రూపులో పెట్టడం నేరం. 'అందరూ పెడుతున్నారు కదన్నా' అంటే కోర్టు వినదు.

అందుకని నేను ఇప్పుడు ఏది రాసినా ఆ వీధిలో ఉండే ముసలమ్మను మనసులో కూర్చోబెట్టుకుంటాను. ఈ వార్త చదివితే ఆమెకు ఆ పిల్ల ఎవరో తెలుస్తుందా? తెలుస్తుందంటే ఇంకొక వివరం తీసేస్తాను. ఊరి పేరు తీసి మండలం పేరు పెడతాను. మండలం చిన్నదైతే జిల్లా పెడతాను. వార్త కొంచెం పలచబడుతుంది. పలచబడనివ్వండి.

చావడి వైపు తిరిగితే కథ మారుతుంది. అక్కడ గోప్యత అన్న మాటను అడ్డం పెట్టుకునేవాళ్లు వేరే. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఇదే జిల్లాలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. మస్టరు రోలు తెచ్చి ఊరి మధ్యలో పేరు పేరునా చదివారు. ఎవరు పనికి వచ్చారు, ఎన్ని రోజులు, ఎంత కూలి. చచ్చిపోయినవాళ్ల పేర్లు, వలస పోయినవాళ్ల పేర్లు బయటపడేది అలా చదివినప్పుడే. ఆ రోజు ఎవరైనా లేచి 'కూలీల వ్యక్తిగత సమాచారం, చదవకూడదు' అని ఉంటే దొంగ మస్టర్లు పెట్టెలోనే ఉండిపోయేవి. ప్రజల డబ్బు నడిచిన దారి చావడి సంగతి.

ఇప్పుడు 'వ్యక్తిగత సమాచారం, చదవకూడదు' అనడానికి చట్టంలోనే చోటు దొరికింది. సమాచార హక్కు చట్టంలో 8(1)(జె) ఇంతకుముందు, ప్రజా వ్యవహారంతో సంబంధం లేని, లేదా అకారణంగా గోప్యతను భంగపరిచే వ్యక్తిగత సమాచారాన్ని మాత్రమే ఇవ్వనక్కర్లేదనేది. శాసనసభకు ఇవ్వాల్సింది పౌరుడికీ ఇవ్వాలనేది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ షరతులన్నీ తీసేసి 'వ్యక్తిగత సమాచారం' అన్న మాట ఒక్కటే మిగిల్చింది. 2025 నవంబరులో ఆ మార్పు అమల్లోకి వచ్చింది. పాత ముసాయిదాల్లో విలేకరులకు ఇచ్చిన మినహాయింపు కూడా ఈ చట్టంలో లేదు. నా మట్టుకు నాకు ఇది అన్యాయం. ఇంటిని కాపాడాల్సిన చట్టాన్ని ఆఫీసు బీరువాకు తాళంగా వేశారు.

అయినా ఒక దారి మిగిలింది, దాన్ని వాడండి. సమాచార హక్కు చట్టంలోనే 8(2) చెక్కుచెదరలేదు. దాచడం వల్ల కలిగే రక్షణ కన్నా బయటపెట్టడంలో ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చని అది చెబుతుంది. మీ దరఖాస్తులో ఆ సెక్షన్ పేరు రాసి, ఎవరి డబ్బు, ఏ పని, ఎందుకు అనుమానం, తెలిస్తే ఊరికి ఏమి మేలు అని నాలుగు వాక్యాలు మామూలు తెలుగులో రాయండి. అడగాల్సిందానికి మించి అడగకండి. లబ్ధిదారుల పేర్లు, మొత్తాలు అడగండి, ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు మీకొద్దని మీరే రాయండి. అలా రాస్తే గోప్యత పేరు చెప్పి తిప్పి పంపడం అధికారికి కష్టమవుతుంది. మన రాష్ట్ర నియమాల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, ఆపైన పది.

రాశాక బెదిరింపు వస్తుంది. వస్తే భయపడకుండా ముందు కాగితాలు ఒకచోట పెట్టుకోండి: ఎవరితో ఎప్పుడు మాట్లాడారు, ఏ పత్రం చూశారు, అవతలివాళ్ల వివరణ అడిగారా. క్రిమినల్ పరువునష్టం కేసులో 'నిజం' అంటే చాలదు, అది ప్రజల మేలు కోసమే రాశానని కూడా చూపించాలి. వివరణ అడిగిన ఒక్క ఫోన్ కాల్ అక్కడ మిమ్మల్ని కాపాడుతుంది. అచ్చు వేయకుండా ముందే ఆపే ఉత్తర్వుల సంగతి మన హైకోర్టులోనే జరిగింది. అమరావతి భూములపై ఏసీబీ నమోదు చేసిన ఎఫ్ఐఆర్ సంగతులు ఏ మాధ్యమంలోనూ రాకూడదని 2020 సెప్టెంబరు 15న ఉత్తర్వు వచ్చింది. నవంబరు 25న సుప్రీంకోర్టు ఆ నిషేధంపై స్టే ఇచ్చింది. 2024 మార్చిలో బ్లూమ్‌బెర్గ్ కేసులో, పూర్తి విచారణకు ముందే వ్యాసాన్ని ఆపే ఉత్తర్వులు యాంత్రికంగా ఇవ్వకూడదని కింది కోర్టులకు గట్టిగా చెప్పింది. ఒక పార్టీ ప్రభుత్వం పోయి ఇంకో పార్టీ ప్రభుత్వం వచ్చినా విలేకరుల మీద కేసులు ఆగలేదు. 2019లో తప్పుడు వార్తలపై కేసులు పెట్టే అధికారం శాఖల కార్యదర్శులకు ఇస్తూ జీవో 2430 వచ్చింది. 2025 జూన్‌లో ఒక టీవీ చర్చ నడిపిన పెద్ద వయసు యాంకరును అరెస్టు చేశారు, నాలుగు రోజులకు సుప్రీంకోర్టు విడుదల చేయమంది. ఎవరి చానెల్, ఎవరి పార్టీ అని చూడకుండా ఈ రెండింటినీ తప్పనగలిగితేనే మనం పత్రికా స్వేచ్ఛ వైపు ఉన్నట్టు.

చివరగా, మీ ఇంటికి విలేకరి వచ్చే రోజు గురించి. రాకూడదని కోరుకుంటాను, కానీ కరువు సీమలో ఎవరింటికైనా రావచ్చు. మాట్లాడడం మీ ఇష్టం. సగం మాట్లాడి ఆపేయవచ్చు. 'ఇది రాయి, ఇది రాయాకు' అని చెప్పవచ్చు, చెప్పినప్పుడు పక్కన ఒక పెద్దమనిషిని ఉంచుకోండి. పాసుపుస్తకం చూపించాల్సి వస్తే నంబర్ల మీద బొటనవేలు పెట్టి పట్టుకోండి. పిల్లలను పక్కింటికి పంపించండి. ఆసుపత్రి కాగితాలు బయటికి తీయకండి. మానసిక చికిత్స పొందుతున్న మనిషి ఫోటో గానీ వివరం గానీ అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం 24వ సెక్షన్ నిషేధించింది. చనిపోయిన తీరు అడిగితే చెప్పనక్కర్లేదు. దాన్ని వివరంగా రాయొద్దని 2019లోనే ప్రెస్ కౌన్సిల్ పత్రికలను కోరింది.

తప్పు అచ్చయితే ముందు ఆ పత్రిక ఎడిటరుకు ఉత్తరం రాయండి, నకలు ఉంచుకోండి. దిద్దకపోతే ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. లాయరు అక్కర్లేదు. అది జైలుకు పంపలేదు, జరిమానా వేయలేదు, కానీ పత్రికను పిలిచి తప్పు తప్పని చెప్పగలదు. టీవీ మీద దానికి అధికారం లేదు. బస్టాండులో ఆ తల్లి నన్ను అడిగిన రోజు రాత్రి నేను ఆ నియమాలు వెతికి చదివాను. ఆమె తరఫున నా మీద నేనే ఫిర్యాదు రాయించాలనుకున్నాను. అప్పటికి ఏడాది దాటిపోయింది. పేపరు కత్తిరించి పెట్టుకునే ప్రతివాళ్లూ దాని మూలన తేదీ రాసుకోండి. దినపత్రిక మీద ఫిర్యాదుకు గడువు అచ్చయిన నాటి నుంచి రెండు నెలలే.